ఒక్క చెంప చాలు

నాకు బ్లేడు కొత్త కాదు.
తియేర్ ఊళ్లో, వాలువీధి మలుపులో
ఇరవై రెండేళ్లుగా రొట్టెలు కాలుస్తున్నాను.
రోజూ తెల్లవారుజామున నాలుగింటికి
పొయ్యిలోకి వెళ్లే ముందు
మూడు వందల పిండిముద్దల వీపుల మీద
గాట్లు పెట్టే చెయ్యి ఇది.
చటుక్కున పెట్టాలి.
ఆలోచిస్తే పిండి చిరుగుతుంది.

అందుకే జెర్మేన్ కొట్లో
కొమ్ముపిడి మంగలికత్తి కొన్నప్పుడు
కాస్త రొమ్ము విరుచుకునే కొన్నాను.
డెబ్భై ఏడేళ్ల మనిషి,
నా మొహం చూడలేదు, మణికట్టు చూసింది.
"ముందు తోలు.
వారం దాకా గడ్డం మాట ఎత్తకు."

తోలుపట్టీ తలుపు గడియకి తగిలించాను.
కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి.
కొసకి చేరాక వీపు మీదే దొర్లాలి,
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు.
పోతూ ఒకటి, వస్తూ ఒకటి,
అరవై దాకా.
మూడోనాడు, ముప్పై ఏడో లెక్క దగ్గర
నా రొట్టెల మణికట్టు నిద్రలేచింది.
తోలు మీద నెలవంకంత గాటు.
నా చేతిలో మొదట గాయపడింది
ఎప్పుడో చచ్చిపోయిన గుర్రం.

పగిలిన పలక పట్టుకొచ్చిన పిల్లాడిలా
తీసుకెళ్లి చూపించాను.
ఆమె గోడ మీంచి ఇంకో పట్టీ దించింది,
దాని నిండా గాట్లే.
"పట్టీ మా నాన్నది. గాట్లు నావి.
నాకప్పుడు పదకొండేళ్లు."

ఆయన కత్తులకి సానపట్టేవాడట.
ద్యురోల్ ఏరు తిప్పే రాతిచక్రం పైన
చెక్కపలక మీద బోర్లా పడుకుని,
ముక్కుకి జానెడు దూరంలో నిప్పురవ్వలు,
కాళ్లు కొయ్యబారకుండా
పిక్కల మీద వెచ్చగా పడుకున్న కుక్క.
దాని పేరు పాటూ.
వారమంతా ఊరిజనం గడ్డాలకి పదును పెట్టి,
తన గడ్డం తాను గీసుకోలేనంత
వణికేవట చేతులు.
"ఆదివారం నేను గీసేదాన్ని.
మొదట్లో ఒక్క చెంపే. రెండోది మళ్లీ వారం.
సగం గడ్డంతోనే చర్చికి వచ్చేవాడు,
టోపీ తీసి, తల దించకుండా."

ఎనిమిదో రోజు.
వేడినీళ్లు, తువ్వాలు, బ్రష్షు.
నురగ ఎంత చిక్కబడాలో మాత్రం
నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.
ఎడమచేత్తో చెవి దగ్గర చర్మం పైకి లాగి
కత్తి వీపుకీ చెంపకీ నడుమ
రెండు నాణేలు పట్టేంత సందు.
"నొక్కకు. కత్తి బరువు కత్తికుంది,
నీ బరువు కలపకు."
నొక్కకపోవడం ఇంత పనని ఎవరికి తెలుసు?
అద్దంలో నా చెయ్యే నాకు అడ్డం.
మోచెయ్యి ఎటు పోవాలో దానికే తెలియలేదు.
కత్తి మీద సాము అంటారు గానీ
కత్తి కింద ఊరుకోవడం చూడాలి.

అప్పుడు వినిపించింది.
పొయ్యిలోంచి తీసిన రొట్టె
చల్లారుతూ చిటపటలాడే చప్పుడు లేదూ,
దానికన్నా సన్నం.
ఒక్కో వెంట్రుకా తెగుతోంది.
ఆ చప్పుడు ఆగితే కోణం తప్పినట్టేనట.

దవడ మలుపులో
వెంట్రుకవాసి తొందరపడ్డాను.
నురగలో ఎర్రటి దారం.
పటిక తడిపి అద్దితే
చుర్రుమని కంట్లో నీళ్లు.
అక్కడితో ఆపేశాను. ఒక చెంప అయింది.

మర్నాడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ
ముందు కుడివైపు నవ్వి, తర్వాత ఎడమవైపు నవ్వారు.
దానికి నేను బాధపడలేదు.
అసలు సంగతి వేరు.
ఆ తెల్లవారుజామున నా చెయ్యి,
నొక్కకూడదని కొత్తగా నేర్చుకున్న చెయ్యి,
పిండి మీద కూడా నిదానించింది.
పదిహేడు రొట్టెలు వంకరగా చిరిగాయి.
సగం ధరకి పక్కన పెట్టాను.

జెర్మేన్ వచ్చి వాటిలో ఒకటి తీసుకుంది.
చిల్లర లెక్కపెడుతూనే
వేళ్ల వెనకవైపుతో నా చెంప మీద
కింది నుంచి పైకి, ఎదురుగా, ఒక్కసారి రాసి చూసి,
"రెండోది ఎప్పుడు?" అంది.