దిద్దుబాటు

అత్-బషీలో ఏప్రిల్ అంటే ఇంకా చలికాలమే.
బడిలో బొగ్గు పొయ్యి,
పొయ్యి పక్క బెంచీ కోసం రోజూ తగువు.
ఇరవై ఆరేళ్లుగా అక్కడే
అక్షరాలు దిద్దిస్తున్నాను.
సుద్దముక్క నా చేతిలో, బోర్డు నా వెనక.
నేను రాసిందే రాత.
తుడిచేదాకా దానికి ఎదురు లేదు.

పోయిన శీతాకాలం టవర్ వచ్చింది.
పక్షం తిరక్కుండానే
మా లోయ మాటలన్నీ పోగేసే నిఘంటువొకటి తెర మీద తెరిచారు.
ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా కొట్టేయొచ్చు.
'ఎవరైనా' దగ్గరే నవ్వొచ్చింది నాకు.
సంతలో కొట్టు తెరిచి తాళంచెవి పారేసినట్టు!
అయినా రాశాను, పంతులమ్మని కదా.
గుర్రాల రంగులు నా వంతు.
'కులా: పసుపు ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక.'
చుక్క పెట్టి పడుకున్నాను.

తెల్లారేసరికి నా వాక్యానికి తోక మొలిచింది.
'వెన్ను మీద నల్ల గీత కూడా ఉండాలి.
లేకపోతే అది కులా కాదు.'
రాసినవాళ్ల పేరు: మంచుకోడి.

కొట్టేశాను.
మళ్లీ వచ్చింది.
సోవియట్ కాలం నాటి నిఘంటువు, పేజీ నంబరుతో సహా చూపించాను.
'ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా గుర్రం ఎక్కాడా?' అని జవాబు.
మూడు రాత్రులు
టీ మరిగి మరిగి అడుగంటింది.
బిష్కెక్ నుంచి ఎవరో పశువైద్యుడు నా వైపు,
ముర్గాబ్ నుంచి ఎవరో ముసలాయన దాని వైపు,
ముఖాలు తెలియని మనుషులం
ఒక్క గుర్రం వెన్ను చుట్టూ చేరి కొట్టుకున్నాం.
ఇంత చదువు నేను కాలేజీలో చదవలేదు,
ఇంత కోపంగా అసలే చదవలేదు.

పైనుంచి, ఈనే గొర్రెల దగ్గరి నుంచి,
మా ఆయన సగిన్ గంటకోసారి గొంతు పంపుతాడు.
'రెండు పిల్లల్ని వేసింది.' గాలి.
'ఒకటి నిలబడింది.' గాలి.
మునుపు వారానికోసారి కొండ దిగితే
సగం రాత్రిదాకా కబుర్లే.
ఈసారి ఆ కబుర్లన్నీ
అతనికన్నా ముందే ఇల్లు చేరి చల్లారిపోయాయి.
ఇద్దరం టీ ఊదుకుంటూ కూర్చున్నాం.
'ఇంకేంటి?' అన్నాడు.
'అదే,' అన్నాను.
కాసేపటికి కోటు విప్పి నా ఒళ్లో పడేశాడు, వాసన చూడమని:
తడి ఉన్ని, జున్నుపాలు, కాలిన పిడక.
అది మాత్రం ఏ టవరూ దింపలేదు.
పుట్టినప్పటి నుంచీ గుర్రాల మధ్య మనిషి,
కులా గురించి అతన్ని అడగొచ్చని
అప్పుడు కూడా తోచలేదు నాకు.

నాలుగో రాత్రి మంచుకోడి మాటలు మానేసి
ఫొటో పెట్టింది.
పసుపు వెన్ను. మెడ నుంచి తోకదాకా
సిరాతో గీసినట్టు గీత.
గీత మీద చిన్న చెయ్యి.
ఆకుపచ్చ స్వెట్టర్, మణికట్టు దగ్గర ఎర్ర దారంతో మాసిక.

ఆ మాసిక నాకు తెలుసు.
ఆఖరి బెంచీ, కిటికీ పక్క. బెర్మెత్.
అయిదో తరగతి నుంచి ఏమడిగినా
లేచి, బల్ల అంచు గోకి,
కూర్చునే పిల్ల.
హాజరు పుస్తకంలో ఆ పేరు పక్కన
'నోరు లేదు' అని రాసింది ఈ చెయ్యే.

మర్నాడు బోర్డు మీద కులా అని రాశాను, అర్థం రాశాను,
గీత దగ్గర ఆగాను.
వెనక్కి తిరిగేసరికి
ఆకుపచ్చ చెయ్యి బల్ల కిందికి పోయింది.
సుద్దముక్క చాచాను. లేవలేదు.
మిగతాది నేనే రాశాను,
వంకరగా వచ్చింది.

ఆ రాత్రి తెర ముందు
'బెర్మెత్' అని కొట్టి, చెరిపి,
'మంచుకోడి గారూ' అని మొదలుపెట్టాను.
'ఎర్ర గుర్రాల గురించి కూడా రాశాను,
కాస్త చూసి పెట్టండి.'

మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి,
మళ్లీ కదిలాయి.
నోట్లో మాట అలా కదిలి ఆగేటప్పుడు
క్లాసులో ఎన్నడూ ఇంతసేపు ఆగలేదు నేను.

'ఇందులో మూడు తప్పులున్నాయి, టీచర్.'

రెండేనని నేనంటాను.
మూడో దాని మీద
తగువు ఇంకా నడుస్తోంది.