తిరగేసి చూడటం

ఇరవై రెండేళ్లు జాకెట్లు కుట్టి
పర్లాకిమిడి చివర నేల కొన్నాను.
కాగితంలో నాలుగు డిసిమిళ్లు,
మా నోట్లో నాలుగు సెంట్లు.
కొలత ఒకటే, పేర్లు రెండు.
ఈ ఊళ్లో దేనికైనా అంతే.

మొదటి బిల్డరు ఆఫీసులో ఏసీ.
అద్దం కింద బొమ్మ ఇల్లు,
అగ్గిపెట్టెంత కారు, స్పాంజి చెట్లు.
బంగారు అంచు కప్పులో టీ ఇచ్చాడు.
ఒడియాలో అచ్చేసిన ఎస్టిమేటు
తెలుగులో చదివి వినిపించాడు.
నాకు ఒడియా వచ్చా అని ఆయన అడగలేదు,
నేనూ చెప్పలేదు.
"సరుకు ధర పెరిగితే భారం యజమానిదే"
ఆయన చదవకుండా దాటేసిన ఆ లైను మీద
వేలు పెట్టుకుని
టీ అయ్యేదాకా కూర్చున్నాను.

రెండో అతను మా మరిది స్నేహితుడు.
సిమెంటు ఏదంటే, చూసుకుందాం లెండి.
ఎన్నాళ్లు పడుతుందంటే, చూసుకుందాం.
కాగితం రాసుకుందామా అంటే
మన మధ్య కాగితాలేంటక్కా అని
నొచ్చుకున్నాడు.
కొలత తీసుకోకుండా బట్ట కోసే మనిషి.

దుప్పల తవిటయ్యకి ఆఫీసు లేదు.
స్కూటరు డిక్కీలోంచి
నూనె మరకల నోటుబుక్కు తీసి
పదకొండు పేర్లు రాసిచ్చాడు.
"నాను కట్టినియ్యే ఇవన్నీ.
నాను లేనప్పుడెల్లండమ్మా.
నానుంటే మొగమాటానికి మంచే చెప్తారు."

వెంటనే వెళ్లలేదు.
ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది,
హ్యాంగరుకి తగిలించిన జాకెట్టులా.
మహేంద్రతనయ ఎర్రబడేదాకా ఆగి
మూడు రోజులు ఎడతెగని వానలో
గొడుగు పట్టుకుని బయల్దేరాను.

అన్ని గుమ్మాల్లోనూ నన్ను ఎరిగినవాళ్లే.
ఎవరి భుజం ఎంతో నాకు తెలుసు.
"ఏటి, ఇలా వచ్చావు?" అంటూనే
బీరువా జరిపి వెనక గోడ చూడనిచ్చారు.
బాత్రూములో చెంబెడు నీళ్లు ఒలకబోసి
ఎటు పారతాయో చూశాను.
కిటికీల కింది మూలలు తడిమాను.
తలుపులు వేసి తీశాను, వేసి తీశాను.
సాహుగారి ఇల్లాలు మాత్రం
నాలుగు నెలలు ఆలస్యం చేశాడని
గుక్క తిప్పుకోకుండా తిట్టింది.
అదీ రాసుకున్నాను.

తొమ్మిదో ఇల్లు సుబాసిని పండాది.
వంటింట్లో క్యాలెండరు పైకెత్తి చూపించింది.
గోడ మీద జానెడు అతుకు,
చుట్టూ ఉన్న రంగుకి కలవని రంగు.
"రెండో ఏడాది చెమ్మ దిగింది" అంది.
నా గుండె జారింది.
"ఎన్నిసార్లు ఫోను చేశావు?"
"నేనెక్కడ చేశాను?
మొదటి వాన పడ్డ మర్నాడు తనే వస్తాడు,
ప్రతి ఏడూ.
గోడలకి అరచెయ్యి ఆనించి నడుస్తాడు,
జ్వరం చూసినట్టు.
పగలగొట్టి పైపు మార్చాడు.
డబ్బులు పుచ్చుకోలేదు,
పప్పన్నం మాత్రం తిన్నాడు.
రంగు కలవలేదని వాడికే బాధ."

అతుకు మీద చెయ్యి పెట్టాను.
బయట కుండపోత. లోపల పొడి.

చెయ్యి బిగువై వెనక్కొచ్చిన జాకెట్లు
రాత్రిపూట విప్పి మళ్లీ కుట్టినవి
ఎన్నో ఉన్నాయి నా లెక్కలో.
విప్పిన చోట సూది గుచ్చుళ్లు మిగులుతాయి.
అవి కనపడకుండా
ఇస్త్రీ నొక్కి నొక్కి పెట్టి ఇచ్చేదాన్ని.
ఎందుకో ఆ వంటింట్లో
వాటినన్నిటినీ తలుచుకున్నాను.

కాగితం రెండు భాషల్లో రాయించాను.
ఆలస్యమైతే నెలకింత కోత అని నేను పెట్టిన లైను
ఆయన రెండుసార్లు చదివి, తల గోక్కుని,
ఒక్కో అక్షరం గీస్తూ సంతకం చేశాడు.
"పునాది తీసినన్నాళ్లూ రోజూ రండమ్మా.
నన్ను కూడా నమ్మొద్దు."

ముగ్గు పోసే రోజు
మెడలో వేలాడే టేపుతోనే వెళ్లిపోయాను.
అరవై అంగుళాల టేపు,
బ్లౌజులకీ లంగాలకీ సరిపోయేది.
నలభై అడుగుల నేల మీద
వంగి కొలవడం మొదలుపెట్టాను.
కూలీలు నవ్వారు.
తవిటయ్య నవ్వలేదు,
చెప్పులు విడిచి వచ్చి
రెండో కొస పట్టుకున్నాడు.