ముప్పావు లీటరు

ఒక పిల్ల కాయితాలు పట్టుకొచ్చి నా మంచం పక్కన కూర్చుంది.
"గడిచిన నాలుగు వారాల్లో, అంకుల్,
మీకు ఎన్నిసార్లు దిగులుగా అనిపించింది?
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, ఎల్లప్పుడూ.
ఒకటి చెప్పండి, టిక్కు పెట్టుకుంటా."

నా ఎడమ చేతిల రెండు సూదులున్నయి.
ఒకదాంట్ల నెత్తురు పోతది, ఒకదాంట్ల వస్తది.
మలక్‌పేట దవాఖాన, ఐదో నంబరు మంచం,
మంగళ, గురు, శనివారం, పొద్దుగాల ఆరింటి షిఫ్టు.
రాసుకో బిడ్డా, నువ్వడగంది చెప్తున్న.

ఇరవై ఆరేండ్లు నేను ఈ పట్నానికి నీళ్ళిడిసిన.
సైదాబాద్, చంచల్‌గూడ, డబీర్‌పురా గల్లీలల్ల
నా అంత పొడుగు ఇనుప తాళంచెవి భుజానేసుకొని
తెల్లారగట్ల మూడింటికి మూత లేపి వాల్వు తిప్పితే
ముందు గాలి గురగురమనేది భూమి గొంతుల,
ఎన్క గల్లీ పొడుగునా బిందెల సప్పుడు.
"బుచ్చిలింగం సల్లగుండాలె" అన్న నోర్లే
అరగంట ఆలస్యమైతే మా అమ్మను తిట్టినయి.
రెండూ జీతంలనే లెక్క.

ఇప్పుడు నాకు రోజుకు ముప్పావు లీటరు.
చాయ్ దాంట్లనే, చారు దాంట్లనే,
మాత్ర మింగే గుక్క కూడ దాంట్లనే.
అనసూయ ఒక సీసకు గోర్ల రంగుతోని గీత గీసింది.
ఆ గీత కింద నేను బతకాలె.
ఎండాకాలం నడిజాము ఒక్క ఐసుముక్క నాలుక మీదేసుకొని
కరగకు కరగకు అని బతిమాలుకుంట.
పక్కింటి ట్యాంకు నిండి పొర్లుతుంటే
ఆ సప్పుడుకు చెవులు మూసుకున్న, నీళ్ళిడిసినోన్ని.
దీనికి ఏ డబ్బల టిక్కు పెడ్తవు?

నాలుగో మంచం ఖైసర్ భాయ్‌ది.
ఛత్తాబజార్‌ల పెండ్లికార్డులు అచ్చేసేటోడు.
బరువు చూసే ముందు జేబుల చిల్లర తీసి నాకిచ్చేటోడు,
డాక్టరమ్మకు భయపడి.
"ఎన్ని కిలోలు మోసుకొచ్చినవ్ భాయ్?"
"మూడున్నర. దావత్ ఉండె. షోర్వా నన్ను చూసి నవ్వింది, ఏం జేద్దు?"
నా పిక్క గుంజుకపోయి నేను కేకేస్తే
ఆయన లేచి రాలేడు గదా, ఆయనా కట్టేసి ఉన్నోడే,
అక్కడి నుంచే గొంతెత్తేటోడు:
"బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి..."
తెలుగు సదవరాదు. అచ్చులు కొట్టి కొట్టి నోటికొచ్చింది.
ఏడ్చుకుంటనే నవ్వేటోన్ని.

పోయిన శనివారం ఆ మంచం మీద
ఎవరో ఇంటర్ సదివే పిల్లగాడు.
ఎవరూ ఏం చెప్పలే. ఇక్కడ చెప్పరు.
దుప్పటి మారుతది.
దిగులు గాదు బిడ్డా, సరిగ్గ రాయి,
కోపమొచ్చింది.
ఇంటికి పోయి గీత దాటి తాగిన. రెండు సీసలు, గటగట.
తెల్లారి ఊపిరాడక నేను గోడ పట్టుకుంటే
అనసూయ వీపు రుద్దింది, ఒక్క మాట అనలే.
దానికన్న పెద్ద తిట్టుంటదా?

ఆ పిల్లగానికి ఇంకా మెడల గొట్టమే.
చెయ్యి తయారు కాలే. మొఖం గోడదిక్కే పెట్టి పంటడు.
ఇయ్యాల సూదులు గుచ్చకముందు
వాని వేళ్ళు తెచ్చి నా మోచేతి మీద పెట్టిన.
లోపల గురగుర, ఒళ్ళో పిల్లి పండుకున్నట్టు.
"ఏందిది అంకుల్?"
"నీళ్ళొచ్చే ముందు పైపుల గాలి గిట్లనే కదుల్తది" అన్న.
సిస్టర్ నవనీత వచ్చి తిట్టేదాంక
వాడు చెయ్యి తియ్యలే.

కాయితాల పిల్ల పెన్ను మూత కొరుక్కుంటుంది.
ఒక్క టిక్కూ పడలే.
"ఇంకా పదిహేడు ప్రశ్నలున్నాయి, అంకుల్."

నాకింకా రెండు గంటల నలభై నిమిషాలున్నయి.
కానియ్యి.