చావింటి గుండిగ

పామూరు రోడ్డులో మాల్యాద్రి సప్లయర్స్, దాని మేడ మీది గది నాది.
కింద గుండిగలు, జల్లి గరిటెలు, బూందీ చట్రాలు.
పైన నేను, రెండు తెరలు,
కెర్నెల్‌కీ డిస్కుకీ నడుమ కబురు మోసే డ్రైవరు.

ఏం పనమ్మయా నీదని అడిగాడొకసారి.
చదువు, రాయి అని డిస్కుకి ఆర్డరు పంపాలి,
ఆర్డరు రాసుకోను కాస్త మెమరీ తీసుకోవాలి,
పనయ్యాక తిరిగిచ్చెయ్యాలి, అన్నాను.
"ఓస్, సామాను అద్దెకిచ్చేది, లెక్కేసి దించుకునేదేగా!
దానికేంది నీకంత జీతం?"

మూడు వారాలుగా ఒక తప్పు నా నిద్ర తింటోంది.
ముప్పై సెకన్లు పలకదు డిస్కు.
ఇంక రాదులే అని ఆ చోటు విడిపించి
వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను.
ముప్పై ఒకటో సెకనులో వస్తుంది జవాబు,
పాత గుమ్మానికే.
కొత్తగా దిగినవాళ్ళ పొయ్యి మీద
నీళ్ళు కుమ్మరించి పోతుంది.
యంత్రం కూలేది మాత్రం గంట తర్వాత,
ఎక్కడో, ఇంకెవరి పేరో చెప్పి.

పాత గుమ్మాల సంగతి ఈ ఊరికి నేను చెప్పాలా?
నెల్లూరు నుంచి తీసి ప్రకాశంలో కలిపారు,
యాభై ఏళ్ళు పోయాక మళ్ళీ నెల్లూరన్నారు.
మన్నేరు ఉన్నచోటే ఉంది.
నా కొరియర్ మాత్రం ఒంగోలు చుట్టి, నలిగి వస్తుంది.
మాల్యాద్రి బోర్డు మీద ప్రకాశం జిల్లా చెరగనే లేదు.
"రంగుకి ఎనిమిదొందలు. మళ్ళీ మారుస్తారంటగా?"

మాఘమాసం. లింగసముద్రం పోయిన పెద్ద గుండిగ
చెప్పిన రోజుకి రాలేదు.
గుడ్లూరు పెళ్ళివాళ్ళు అడ్వాన్సు పట్టుకుని నిలబడ్డారు.
"ఇప్పుడే వచ్చేస్తుందిలే, చీటీ రాసియ్యి" అంటే
మాల్యాద్రి పెన్ను మూత తియ్యలేదు.
"ఆడ ఇంకా పొయ్యి మీదుందో, కడిగారో నాకు తెలవదు.
అది నా కొట్లో దిగిందాకా నాది గాదు, నీదీ గాదు.
ఆగలేకుంటే ఆటో పంపి ఎత్తుకొస్తా. అప్పుడు రాస్తా."

మెట్లన్నీ ఎక్కకముందే ఆ మాట నా చేతుల్లోకి దిగింది.
గడువు దాటితే విడిపించు, అన్న వరుస కొట్టేశాను.
ముందు డిస్కుని అడుగు.
పలకకుంటే దాన్ని ఆపి, మళ్ళీ లేపు.
అప్పుడు విడిపించు.

ఇంకొకటి మిగిలింది.
మెమరీ అంతా నిండిపోతే
కొంత డిస్కులోకి దించి చోటు చెయ్యాలి.
దించాలంటే ఆర్డరు రాయాలి.
ఆర్డరు రాయాలంటే చోటు కావాలి.
ఒకరి కోసం ఒకరు కాచుకుని
అందరూ నిలబడే చనిపోతారు.

ఆ రాత్రి రెండింటప్పుడు షట్టరు మోగింది.
కొట్లో గరిటె కూడా లేదు, అన్నీ పెళ్ళిళ్ళకి పోయాయి.
సామాన్లు మోసే ఇలియాజరు, చెప్పుల్లేకుండా.
వాళ్ళమ్మ.
మాల్యాద్రి లైటు వెయ్యలేదు.
వెనక గదిలో గొలుసు ఊడదీసిన చప్పుడు.
నాకు తెలుసు ఆ గుండిగ,
మూడింతలిస్తామన్నా ముహూర్తాలకి కదలదు.
"అది చావింటిది" అని ఒక్క మాటతో పంపేస్తాడు.
నీళ్ళు కాగడానికి ఒకటి,
ఎప్పుడూ, ఖాళీగా.

తెల్లారేసరికి నేనూ ఒకటి పక్కన పెట్టాను,
డ్రైవరు లేచీ లేవగానే, అందరికంటే ముందు,
ఒక్క ఆర్డరుకి సరిపడా.
దాని పేరు తెలుగులోనే పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో.
పూణేలో నా కోడు చూసేవాడు రాశాడు,
ఇది అర్థం కాలేదు, మార్చమని.
మార్చలేదు ఇంకా.

నాలుగో రోజు ఇలియాజరు తెచ్చి దించాడు,
బూడిదతో తోమి, అడుగున మసి పోక.
మాల్యాద్రి వేలితో తట్టి చూశాడు,
చిల్లు లేదు.
చీటీ లేదు గనక కొట్టెయ్యడానికీ ఏమీ లేదు.
గొలుసేశాడు.