ఒంటి జోడు

తెల్లవారుజామున నాలుగున్నరకి
వ్యాను ఆగీ ఆగకముందే కట్టలు విసిరి పోతుంది.
ట్రియెస్తె రేవు వీధిలో
ఆకుపచ్చ రేకుల పేపరు కొట్టు నాది.
లోకమంతా నా దగ్గరికి
పురికొసతో కట్టించుకుని వస్తుంది.
ముడి విప్పే తీరిక ఎక్కడ,
కత్తెరతో తెంపేస్తాను.

మిర్తాకి ఆరేళ్ళు.
ఏడింటికి వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకుని వచ్చి
బడి గంట కొట్టేదాకా
ఖాళీ పాలపెట్టె మీద కూర్చుంటుంది.
ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది.
వాతావరణం పటం తనది,
అందులో సూర్యుడికి కనుబొమలు గీస్తుంది.
జంతుశాలలో పుట్టిన జిరాఫీ పిల్ల తనది.
మేయరు రిబ్బను కత్తిరించడం కూడా తనదే.
మొదటి పేజీని మాత్రం
నేను బోర్లా పెడతాను.

అబద్ధం చెప్పను.
చేప వండిన రోజు ఏం చేస్తాను?
ముల్లు తీసి పెడతాను.
చేపకి బదులు చక్కెర చేప పెట్టను కదా.
గోరంత ముద్ద, ఊది, చల్లార్చి.
యుద్ధమంటే,
"పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు,
మళ్ళీ మాట్లాడించాలని కొందరు తిరుగుతున్నారు."
భూకంపమంటే,
"నేల కదిలింది. ఇళ్ళు పడ్డాయి.
కుక్కలు వాసన పట్టి మనుషుల్ని వెతుకుతున్నాయి."
కుక్కల పేర్లు అడుగుతుంది.
పేపర్లో ఉంటే చెబుతాను.

ఫిబ్రవరిలో బోరా లేచింది.
మా ఊరి గాలి అది,
స్తంభం పట్టుకోకుండా ఎవరినీ మూల తిరగనివ్వదు.
ఇనుప దిమ్మ దొర్లింది,
బోర్లించిన పేజీలన్నీ వెల్లకిలా లేచాయి.
ఒకటి పోయి మిర్తా మోకాళ్ళకి చుట్టుకుంది.

ఇసుక. నురగ.
చిన్న జోడు. ఒంటిది.

"ప... డ... వ" అని వేలు పెట్టి చదివింది.
తర్వాతి మాట పొడుగు, వదిలేసింది.
ఒకప్పటి ఓడ వంటవాడు లివియో,
రోజూ చిల్లర లెక్కపెట్టి పేపరు కొనేవాడు,
నాకంటే ముందే అందుకున్నాడు:
"బూట్ల కంపెనీ ప్రకటనే తల్లీ!"
మంచివాడు. నాకూ అదే మాట నాలుక చివర ఉంది.

మిర్తా అతని వైపు చూడలేదు.
"ఇది మన సముద్రమేనా?"

దూరం అనబోయాను. దూరమే,
ఒక పగలూ ఒక రాత్రీ రైలు.
కానీ కొట్టు వెనక కిటికీ తీస్తే
గోడకేసి కొట్టుకునే నీళ్ళు ఆ నీళ్ళే.
"మనదే" అన్నాను.
"పడవ మునిగింది. చాలామంది చనిపోయారు.
జాలరులు వెళ్ళి కొందరిని పైకి లాగారు.
ఇంకా వెతుకుతున్నారు."

"రెండో జోడు ఏది?"

ఆ హోరులో వినబడనట్టు ఉండిపోవచ్చు.
"తెలీదు" అన్నాను.
పదకొండేళ్ళుగా వార్తలమ్ముతున్న నోటికి
ఆ మాట కొత్త.

తల ఊపింది.
జిరాఫీ పిల్లకి పేరు పెట్టారా అంది.
అమ్మయ్య అనుకున్నాను.
తొందరపడ్డాను.

ఆ రాత్రి దుప్పటి సర్దుతుంటే
తన కాళ్ళ దగ్గర ఏదో గట్టిగా తగిలింది.
బడి జోళ్ళు, మట్టితో సహా.
ఒకదాని తాడు రెండోదానికి వేసి
ముడి మీద ముడి, ముడి మీద ముడి.
తనకి వచ్చిన ముడి అదొక్కటే.

నా వేళ్ళకి దొరకని ముల్లు
ఒకటి ఉండిపోయింది.

మలుపులో వ్యాను ఆగీ ఆగకుండా పోయిన చప్పుడు.
కట్టలు చలిలో పడి ఉంటాయి,
లివియో రేకు మీద వేళ్ళతో కొడుతుంటాడు,
ఇవాళ లోకం కాస్త ఆలస్యం.
బడి వేళకి ఈ జోళ్ళు కావాలి.
మంచం అంచున కూర్చుని
గోళ్ళతో, పళ్ళతో,
ఒక్కో ముడీ విప్పుతున్నాను.

కత్తెర
బల్ల మీదే ఉంది.