ఉతికితే నిలుస్తదా

నీలంగా ఉన్నప్పుడు పాలిఅనిలిన్ మొండిది,
కరెంటును గడపలోంచే తిప్పి పంపుతుంది.
ఆమ్లం తగిలితే ఆకుపచ్చనవుతుంది,
అప్పుడు దారి ఇస్తుంది. అదీ కొంచెమే.

మూడేళ్లు ఆ కొంచెం దగ్గరే నిలబడ్డాను.
కాజీపేట రైళ్లు వినిపించే ల్యాబు,
ఐసు ముక్కల్లో బీకరు,
నాలుగు సూదుల కింద గోరంత పొర.
ఓదెలన్న మీటరు చదివేవాడు:
"గదే మేడం, నిన్నటి అంకెనే."

కొత్తవాడలో మా పెదనాయన కనకరాజం
జంపఖానా నూలుకు రంగులేస్తాడు.
నా గోడంతా విని అన్నాడు:
"ఉండ చుట్టుకున్న నూలుల నాడె ఉరుకుతదా బిడ్డా?
ముందుగాల చిక్కు తియ్యి.
పడుగు సాగితెనే పని."

నిజమే, నా అణువులూ
ఉండ చుట్టుకునే పడుకున్నాయి ఇన్నాళ్లూ.
కర్పూరం నుంచి తీసిన ఆమ్లం కలిపాను,
ఆస్పత్రి వరండా వాసనేసే క్రెసాల్ పోశాను.
గొలుసులు ఒళ్లు విరుచుకున్నాయి.
సున్నా పక్కన చుక్క పెట్టి రాసే అంకె
నూట నలభై దాటింది.
ఓదెలన్న నమ్మక మీటరును రెండుసార్లు తట్టాడు.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఇద్దరం పగలబడి నవ్వాం.

ఆ పచ్చలో ముంచి ఆరబెట్టిన రెండు పోగులు
కొత్తవాడకు తీసుకెళ్లాను.
ఈ కొసన బ్యాటరీ,
ఆ కొసన మెంతిగింజంత దీపం.
వెలిగింది.
పెదనాయన మెచ్చుకోలేదు.
రంగులేసేవాడు అడిగే మాటే అడిగాడు:
"ఉతికితే నిలుస్తదా?"

బోరు నీళ్లలో తనే జాడించాడు,
బిందె అడుగున సున్నం కట్టే నీళ్లు.
చూస్తుండగానే పచ్చ కాస్తా నీలమైంది.
దీపం పలకలేదు.
బకెట్లోకి చూస్తూ కూర్చున్నాను,
నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి.

పెద్దమ్మ వంటింట్లోంచి సగం నిమ్మచెక్క తెచ్చింది.
"రంగు అలిగితె పులుపే గద అడిగేది."
పిండింది.
అంచుల నుంచి మొదలై, ఆగి ఆగి,
పచ్చ తిరిగొచ్చింది.
ఫ్యాను కింద ఆరాక దీపం పెట్టి చూశాం.
మునుపటంత కాదు,
అరచెయ్యి అడ్డం పెడితేనే కనిపించేంత.

నోటుపుస్తకం తీసి రాసుకున్నాను:
నిమ్మచెక్క, సగం.
ఎన్ని చుక్కలో లెక్కపెట్టలేదు.
తలెత్తి చూస్తే పెదనాయన
రెండో జాడింపుకు బకెట్ నింపుతున్నాడు.