చివరి పేజీ

డండీలో, నది వైపు నుంచి వాన కొడుతుంటే
తలదాచుకున్న పాత పుస్తకాల కొట్లో దొరికింది.
అదే అట్ట, అదే ఆకుపచ్చ శుక్రగ్రహం.
వెల మాత్రం నలభై రెట్లు.

మా ఇంట్లో ప్రతికి చివరి పేజీ లేదు.
పొయ్యి రాజెయ్యడానికి అమ్మ చింపేసింది.
అందుకే రాత్రిళ్లు దుప్పటి కింద
టార్చిలైటు గడ్డానికి ఆనించుకుని
యూవన్ ముగింపు చెప్పేవాడు.
ఒకనాడు మరమనిషి సముద్రం దాటేది,
ఒకనాడు మా నాన్న జూట్ మిల్లులోనే పనికి కుదిరేది,
పీచు దుమ్ముకి
తుమ్మేది కూడా.

కొట్లోనే నిలబడి తిప్పాను.
అరవై ఏళ్లకి తెలిసింది:
ఎవరో మీట నొక్కుతారు. ఆగిపోతుంది.
అంతే. కింద బూట్ పాలిష్ ప్రకటన.

డబ్బిచ్చి, కత్తెర అడిగాను.
కొట్టాయన కళ్లజోడు పైనుంచి చూశాడు.
"వెల పడిపోతుందమ్మా."
"పడనీ" అన్నాను.